జీపు ఎత్తు పెంచితే గనిలో లాభమెంత, రహదారిపై ముప్పెంత?

గోదావరిఖని: వానాకాలం వచ్చిందంటే ఓపెన్‌కాస్టు గనుల్లో హాల్‌రోడ్లు బురదమయమవుతాయి. బొగ్గు ఉత్పత్తికి, మట్టి తొలగింపునకు అంతరాయం కలిగిందన్న వార్తలు కోల్‌బెల్టు పాఠకులకు కొత్త కావు. డంపర్లే కదలలేని ఆ దారుల్లో అధికారులను, మరమ్మతు సిబ్బందిని పనిస్థలాలకు చేరవేసే జీపులు, క్యాంపర్ వాహనాలు పడే అవస్థ చెప్పనక్కర లేదు. కమాన్లు పైకి లేపించి, పెద్ద టైర్లు వేయించాలన్న ఆలోచన ఇక్కడ పుట్టడంలో వింత లేదు. 2020 అక్టోబరులో కొత్త తరం థార్ విపణిలోకి వచ్చాక ఈ మోజు గనితో సంబంధం లేని యువకులకూ పాకింది. అయితే క్వారీ అడుగున అక్కరకు వచ్చే ఎత్తు, రాజీవ్ రహదారిపై ఏమవుతుందన్నది వేరే లెక్క. ఒకే బండి పొద్దున గనిలోకి, సాయంత్రం కాలనీకి తిరిగే రామగుండం ప్రాంతంలో ఆ లెక్క వేసుకోక తప్పదు.

పెరిగేది ఎంత?

ఎత్తు రెండు విధాలుగా పెరుగుతుంది. పాత మహీంద్రా జీపులు, జిప్సీల వంటి వాటికి కమాన్లలో అదనపు పట్టీలు వేస్తారు. కొత్త థార్‌కు కమాన్లు లేవు కనుక పొడవాటి కాయిల్ స్ప్రింగులు బిగిస్తారు. ఇలా చేసినప్పుడు పైకి లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. చక్రాల మధ్య వేలాడే వెనుక డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. బండరాయికి ముందుగా తగిలేది తరచుగా అదే. దాన్ని లేపాలంటే టైరు పెద్దది కావాలి.

అంకెల్లో చూస్తే విషయం తేటపడుతుంది. కంపెనీ లెక్క ప్రకారం థార్ అడుగుభాగం నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 245/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 33 అంగుళాల టైరు వేస్తే వ్యాసం 838 మిల్లీమీటర్లవుతుంది. పెరిగిన 64లో సగమే, అంటే 32 మిల్లీమీటర్లే ఇరుసుకు దక్కుతుంది. రెండు అంగుళాల స్ప్రింగులు కూడా వేస్తే బాడీ దాదాపు 8 సెంటీమీటర్లు లేస్తుంది. చూపరులకు ఎనిమిది సెంటీమీటర్లు, డిఫరెన్షియల్ కింద రాయికి మాత్రం అంగుళం పావు! ఫొటోల కోసమే అయితే వేరే మాట.

ఆ అంగుళం పావుకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. టైరు వ్యాసం 8 శాతం పెరగడంతో స్పీడోమీటరు తక్కువ చూపుతుంది. ముల్లు 80 వద్ద ఉన్నప్పుడు బండి నిజవేగం 86 దాటుతుంది. చక్రం వద్ద లాగుడు శక్తి అంతే మేరకు తగ్గుతుంది. క్వారీ ర్యాంపు ఎక్కవలసిన బండికి ఇది లాభం కాదు. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు మరింత శ్రమించాలి. ముందు చక్రాలకు శక్తినందించే షాఫ్టుల కోణం మారి, కీళ్ల వద్ద అరుగుదల పెరుగుతుంది. బ్రేకు గొట్టాల పొడవు సరిచూడకుండా ఎత్తు పెంచితే గుంతలో చక్రం కిందికి జారినప్పుడు గొట్టం బిగుసుకుంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం బోల్తా. రెండు పక్కల చక్రాల మధ్య దూరాన్ని, బండి గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే స్థిరత్వ నిష్పత్తి వస్తుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి వాహనాల బోల్తా ముప్పును ఈ లెక్క ఆధారంగానే అంచనా వేయడం ప్రారంభించింది. ఉదాహరణకు చక్రాల మధ్య 150 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న బండికి నిష్పత్తి 1. కేంద్రం 8 సెంటీమీటర్లు లేస్తే అది 0.90కి పడిపోతుంది. మట్టిదారిలో పది కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఈ తేడా తెలియదు. రాత్రివేళ రహదారిపై అడ్డొచ్చిన గేదెను తప్పించబోయి స్టీరింగు తిప్పినప్పుడు తెలుస్తుంది. హెడ్‌లైట్ల కోణం దించకపోతే ఆ వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది. షిఫ్టు ముగించుకొని మోటారు సైకిళ్లపై ఇళ్లకు మరలే కార్మికులే ఆ ఎదుటివారు.

గనిలోనూ పరిమితమే

బురదలో బండిని కదిలించేది ఎత్తు కాదు, పట్టు. రెండు చక్రాలతోనే లాగే క్యాంపర్‌ను ఎంత లేపినా జిగట బురదలో దిగబడుతుంది. నాలుగు చక్రాల లాగుడు, లో గేరు, తగిన గాడులున్న టైరు ఉంటే సాధారణ ఎత్తులోనే పని నడుస్తుంది.

ఎత్తయిన బండి డంపర్ ఆపరేటరుకు బాగా కనిపిస్తుందన్న వాదన ఒకటి ఉంది. వంద టన్నుల డంపర్ టైరే సుమారు 2.7 మీటర్ల ఎత్తు ఉంటుంది. మేడ మీది గదిలో కూర్చున్నట్టు కూర్చునే ఆపరేటరుకు, తన బండి ముక్కు కిందికి వచ్చిన జీపు ఎనిమిది సెంటీమీటర్లు పెరిగినంత మాత్రాన కానరాదు. అందుకు ఉన్న ఉపాయాలు పొడవాటి కర్రకు కట్టిన జెండా, బండిపై తిరిగే దీపం, వైర్‌లెస్, డంపర్‌కు దూరం పాటించడం. ఓపెన్‌కాస్టు ప్రమాదాల్లో డంపర్లు, టిప్పర్ల పాత్ర ఎంతటిదో తెలిసిన ప్రాంతంలో ఎత్తును చూసుకొని ధీమాగా ఉండడం ప్రమాదకరం.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం 2019 జనవరి 9న ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పునకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ సొంత నష్టం క్లెయిమును ప్రశ్నించవచ్చు. గని ఆవరణలో మాత్రమే తిరిగేందుకు ప్రత్యేకంగా రూపొందిన వాహనాలను ఈ చట్టం మోటారు వాహనాలుగా పరిగణించదు. కానీ గేటు దాటి చౌరస్తాకు వచ్చే జీపుకు ఆ మినహాయింపు వర్తించదు. అదే మోడల్‌లోని వేరే రకానికి తయారీదారు ఇచ్చిన టైరు పరిమాణం వరకు వెళ్తే చిక్కు తక్కువ.

నిషేధం ఒక్కటే సరిపోతుందా అన్నది ఆలోచించవలసిన విషయమే. ఆస్ట్రేలియాలోని కొన్ని రాష్ట్రాలు పరిమితంగా ఎత్తు పెంచుకోనిచ్చి, ఆపైన ఇంజినీరు ధ్రువపత్రం అడుగుతున్నాయి. తనిఖీకి నిలిచే మార్పు, షెడ్డులో చాటుగా చేసే మార్పు కన్నా మేలు.

యువకుల మోజు సంగతి పక్కనబెడితే, అద్దె వాహనాల విషయంలో బాధ్యత వాటిని పెట్టుకునే వారిదే. ఒప్పందంలో నాలుగు చక్రాల లాగుడు అడగకుండా, బురదలో ఆగితే డ్రైవరును తప్పుపడితే, యజమాని చౌక దారిగా కమాన్లు లేపిస్తాడు. రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ వివరాల్లో టైర్ల పరిమాణం కూడా ఉంటుంది. బండిని పనిలోకి తీసుకునే రోజునే దాన్ని టైరుపై ఉన్న అంకెలతో సరిపోల్చడానికి రెండు నిమిషాలు చాలు. హాల్‌రోడ్ల పక్క కాలువలు పూడిక తీసి, గ్రేడర్లతో చదును చేయించే పని మాత్రం తొలకరికి ముందే పూర్తి కావాలి.