పద్దు కింద ఒక్క వరుస

కామర్సు చదివిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జర్నల్లో ప్రతి పద్దు కిందా బ్రాకెట్లలో ఒక వరుస రాయాలి. దాన్ని నేరేషన్ అంటారు. 'బీయింగ్' అనే మాటతో మొదలయ్యేది: బీయింగ్ సరుకు అరువు మీద కొన్నది, బీయింగ్ ఆఫీసు అద్దె చెల్లించినది, ఇలాగ. డెబిట్టూ క్రెడిట్టూ అణా పైసలతో సహా సరిపోయినా, ఆ వరుస లేకపోతే మా రోజుల్లో మార్కు కోసేవారు. లెక్క కుదిరాక మళ్ళీ ఈ వరుస దేనికని కుర్రకారంతా విసుక్కునేవాళ్ళం. పద్దు రాసినవాడికి దానితో పని లేదు. మూడేళ్ళ తరువాత ఎవరో ఆడిటరు, ఆ లావాదేవీ జరిగినప్పుడు అక్కడ లేని మనిషి, పుస్తకం తెరిస్తే ఆయన కోసం ఆ వరుస.

పాస్‌బుక్కులోనూ అదే సంగతి. "ఈ 236 రూపాయలు ఎందుకు పోయాయి బాబూ?" అని పెద్దవాళ్ళు కౌంటరు దగ్గర అడుగుతారు. పాస్‌బుక్కులో చూస్తే నాలుగు ఇంగ్లీషు పొడి అక్షరాలూ ఒక నంబరూ ఉంటాయి. వాటి అర్థం కంప్యూటరుకు తెలుసు, తప్పితే బ్యాంకు గుమాస్తాకు తెలుసు. డబ్బు పోయిన మనిషికి మాత్రం తెలియదు. అర్థం కాని పద్దులు వేయవద్దు, వివరాలు క్లుప్తంగానూ తెలిసేలాగానూ ఉండాలి అని రిజర్వు బ్యాంకు చాలాకాలంగా చెబుతూనే ఉంది. 2017 జూన్ 22 నాటి సర్క్యులరులో ఇంకాస్త వివరించింది కూడా. ఎవరికి చెల్లించారు, ఏ పద్ధతిలో చెల్లించారు, ఖాతాలోంచి కోసుకున్నదైతే అది ఫీజా, కమీషనా, జరిమానా అన్నది కనిపించాలని.

ఈ ఉపోద్ఘాతమంతా ఎందుకంటే, బళ్ళారి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. కమాండు లైనులో నడిచే చిన్న ప్రోగ్రాము ఒకటి తయారుచేశాడట. పదిమందికీ ఉచితంగా పంచిపెట్టే చోట దాన్ని చేర్చాలంటే ఒక్క వరుసలో వివరణ రాసివ్వాలట. "ప్రోగ్రాము రాయడానికి నెల పట్టింది, ఆ వరుసకు రెండు వారాల నుంచీ జుట్టు పీక్కుంటున్నాడు. మీరు ఆఫీసు నోటింగులు రాసే మనిషి కదా, నాలుగు ముక్కలు చెప్పండి అన్నయ్యగారూ" అన్నారు. మన సభ్యుల ఇళ్ళలో బెంగుళూరు, చెన్నై, పూణేలలో ఈ పని చేసే పిల్లలు లేని ఇల్లు తక్కువ గనుక, జవాబు శీర్షికలోనే రాస్తున్నాను.

పెద్దల కోసం ముందుగా రెండు మాటలు. కమాండు లైను అంటే బొమ్మలూ బటన్లూ లేని నల్ల తెర. పేరు టైపు చేసి ఎంటర్ కొడితే పని జరుగుతుంది. 1984, 1989లలో డాక్టర్ సి. రంగరాజన్ గారి కమిటీలు సిఫారసు చేశాక బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 1990లలో చాలా బ్రాంచీల్లో నడిచింది యూనిక్స్ పద్ధతే. రాత్రి డే-ఎండ్ అయ్యాక టేపు మీదికి బ్యాకప్ తీసిన మా తరం గుమాస్తాలకు 'టార్' అనే మాట తెలుసు. తెలియనిదల్లా దాని పక్కన ఉన్న వందలాది మిగతా పేర్ల సంగతి. గ్రెప్, ఆక్, సెడ్. పేరు చూసి ఏ పని చేస్తుందో ఊహించడం బ్రహ్మతరం కాదు. ఆక్ అనేది దాన్ని తయారుచేసిన ఏహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు మాత్రమే!

అందువల్ల పేరు పక్కన ఉండే ఒక్క వరుసే దుకాణం మీద బోర్డు. 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. ప్రతి ఆదేశానికీ ముందు పేరు, తరువాత గీత, ఆ తరువాత నాలుగైదు మాటల్లో అది చేసే పని. ఆ ఆచారం ఇప్పటికీ నడుస్తోంది. కాకపోతే అప్పుడు కొన్ని పదులు, ఇప్పుడు వేలు. డెబియన్ అని 1993లో మొదలైన ఉచిత వ్యవస్థ ఒకటుంది. 2023లో వచ్చిన దాని 12వ వెర్షన్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఇన్ని దుకాణాలున్న వీధిలో ఎవరూ ప్రతి మెట్టూ ఎక్కి చూడరు. బోర్డు చదివి ముందుకు సాగిపోతారు. వెతికేవాళ్ళు కూడా తమకు తోచిన మాట ఇస్తారు. ఆ మాట వివరణలో ఉంటేనే ప్యాకేజీ దొరికేది.

దీనికి ఒక ఉదాహరణ. లోను కాగితాలు నాలుగు పి.డి.ఎఫ్. ఫైళ్ళుగా స్కాన్ అయి ఉన్నాయి, ఒకటిగా కలపాలి. 'ఆప్రోపో' అనే ఆదేశం ఈ ఒక్క వరుస వివరణలన్నీ గాలించి పెడుతుంది. మనకు తోచే ఇంగ్లీషు మాట 'జాయిన్'. అది ఇస్తే జాయిన్ అనే పేరుగల ప్రోగ్రామే ఎదురవుతుంది. కాని అది రెండు జాబితాలను ఉమ్మడి గడిని బట్టి జోడించేది, మన పనికి రాదు. మనకు కావలసినది పి.డి.ఎఫ్.యునైట్. దాని వివరణలో 'పేజ్ మెర్జర్' అని ఉంది. జాయిన్ అని అడిగినవాడికి అది కనిపించదు. (మెర్జర్ అనగానే మన వాళ్ళకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆంధ్రా బ్యాంకు గుర్తుకొస్తుంది గాని ఫైళ్ళు కలపడం గుర్తుకు రాదు.) పని చేసిపెట్టే మనిషి పక్క గదిలోనే ఉన్నా, పేరు పెట్టి పిలవడం తెలియక వెనక్కి తిరిగి వచ్చినట్టు.

కనిపించకపోవడం ఒక నష్టం. సగం చెప్పడం అంతకంటె పెద్దది. 'యూనిక్' అని ఒక పాత, మంచి ప్రోగ్రాము ఉంది. దాని వివరణ తెలుగులో చెప్పాలంటే: మళ్ళీ వచ్చిన వరుసలను చూపును, లేదా తీసివేయును. పింఛనుదార్ల జాబితాలో ఒకే ఖాతా నంబరు రెండుసార్లు పడిందేమో చూడాలనుకోండి. ఈ వివరణ చదివినవాడు ఇదే తగిన సాధనం అనుకుంటాడు. జాబితా ఇస్తాడు. డూప్లికేట్లు లేవని వస్తుంది. నిశ్చింతగా చెల్లింపుకు పంపుతాడు. అసలు సంగతేమిటంటే, యూనిక్ పోల్చేది పక్కపక్కనే ఉన్న వరుసలను మాత్రమే. అదే నంబరు 3వ వరుసలో ఒకసారి, 90వ వరుసలో ఒకసారి ఉంటే దానికి కనబడదు. ముందు 'సార్ట్'తో వరసక్రమంలో పేర్చి అప్పుడు దీనికి ఇవ్వాలి. లోపలి వివరంలో ఈ ముక్క ఉంది. బోర్డు మీద 'పక్కపక్కన' అనే ఒక్క మాట పెడితే పోయేది. ఆ వరుసలో ఇంకా బోలెడు చోటు మిగిలి ఉంది మరి.

చోటు అన్నాను గనుక, ఎంత పొడుగు? డెబియన్ వాళ్ళ నియమం 80 అక్షరాల లోపు. మ్యాక్ కంప్యూటర్లలో వాడే హోంబ్రూ (2009లో మొదలైంది) వాళ్ళదీ అంతే. ఈ 80 ఎక్కడిదంటే, ఐ.బి.ఎం. వారి 1928 నాటి పంచ్ కార్డులో 80 నిలువు గడులుండేవి. తరువాత తెరలు దాన్నే అనుసరించాయి. మా బ్రాంచిలో గీక్ గీక్‌మనే ప్రింటర్లు కూడా రెండే రకాలు, 80 కాలమ్‌ది, 132 కాలమ్‌ది. అంటే ఇది ఎవరో సరదాకి పెట్టిన సంఖ్య కాదు. దాటితే జాబితాలో వరుస విరిగి కింద పడుతుంది.

హోంబ్రూలో ఇంకొన్ని పట్టింపులున్నాయి. 'ఎ', 'యాన్', 'ది' లతో మొదలు పెట్టకూడదు. ప్యాకేజీ పేరుతో మొదలు పెట్టకూడదు. చివర ఫుల్‌స్టాప్ వద్దు. వీటిని మనిషి కాదు, యంత్రమే తనిఖీ చేసి తిప్పి పంపుతుంది. డెబియన్ వాళ్ళూ పేరు మళ్ళీ రాయొద్దంటారు, పూర్తి వాక్యం అక్కరలేదంటారు. పేరు ఎడమ పక్కన ఉండనే ఉంది, మళ్ళీ రాస్తే అక్షరాలు దండగ. వాళ్ళ నిబంధనల్లో నాకు బాగా నచ్చింది మరొకటి. ఆ ప్యాకేజీని ఎన్నడూ ఎరగని మనిషి, తన కంప్యూటరులో పెట్టుకోవాలా వద్దా అని తేల్చుకోగలిగేలా వివరణ ఉండాలట. మన ఆడిటరు కోసం నేరేషన్ లాంటిదే గదా!

ఇక బళ్ళారి అబ్బాయి ప్రోగ్రాము. ఇంటి లెక్కలు నోటుబుక్కులో రాసే నాయనమ్మ పేరు మీద దానికి 'బామ్మ' అని పేరు పెట్టాడు. పేరు ముచ్చటగా ఉంది, మార్చనక్కరలేదు. అయితే ఆ పేరు పని చెప్పదు గనుక భారమంతా వివరణ మీదే పడింది. అతను రాసినది: "బామ్మ అనేది రస్ట్ భాషలో రాయబడిన, శక్తిమంతమైన, మెరుపు వేగం గల, కొత్త తరం ఆర్థిక సాధనం."

ఇందులో ఎన్ని మాటలు ఏమైనా చెబుతున్నాయో చూడండి. శక్తిమంతం అని ఎవరు తమ సరుకు గురించి అనరు? మెరుపు వేగం దేనితో పోల్చి? కొత్త తరం పదేళ్ళకు పాతదవుతుంది, వరుస అలాగే ఉండిపోతుంది. 'ఆర్థిక సాధనం' అంటే వడ్డీ లెక్క నుంచి షేర్ల దాకా ఏదైనా కావచ్చు. ఇక రస్ట్ భాష సంగతి. ఖాతాదారుకు డ్రాఫ్టు ఇస్తూ అది ఏ కంపెనీ పెన్నుతో రాశామో చెప్పినట్టుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ ప్రోగ్రాములో అతికించుకునే ముక్క అయితే భాష చెప్పితీరాలి, అది వేరు. ఇది ఇంట్లో వాడేది.

అది చేసే పని ఏమిటని ఫోనులో అడిగాను. అబ్బాయి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "బ్యాంకు నుంచి స్టేట్‌మెంటు సి.ఎస్.వి. ఫైలుగా దించుకుంటాం కదండీ, అందులో ఖర్చుల్ని నెలనెలకీ కూడి చూపిస్తుంది, మావయ్యగారూ." మరి ఇదే రాయవచ్చు కదా అంటే, "అంత మామూలుగానా?" అన్నాడు. అంత మామూలుగానే. ఇంగ్లీషులో మేం తేల్చిన వరుస ఇది: "మంత్లీ హౌస్‌హోల్డ్ ఎక్స్‌పెన్స్ టోటల్స్ ఫ్రం బ్యాంక్ స్టేట్‌మెంట్ సి.ఎస్.వి. ఫైల్స్." లెక్కపెడితే ఇంగ్లీషు అక్షరాలూ ఖాళీలూ కలిపి 62.

ఇంకా 17 మిగిలాయి. అక్కడ బ్యాంకు మనిషిగా ఒక ప్రశ్న వేశాను. స్టేట్‌మెంటు బయటికి ఎక్కడికైనా పంపుతుందా? లేదు, అంతా ఇంటి కంప్యూటరులోనే అన్నాడు. అయితే ముందు 'ఆఫ్‌లైన్' అని చేర్చమన్నాను. 70 అయింది. మెరుపు వేగం కంటె ఆ ఒక్క మాటకే నేను నా స్టేట్‌మెంటు దానికి ఇస్తాను. ఏయే బ్యాంకుల ఫైళ్ళు చదవగలదో, ఏవి చదవలేదో పొడుగు వివరణలో రాయాలి. అది వరుసలో ఇరికించే విషయం కాదు.

అపాయం ఉన్న చోట మాత్రం వరుసలోనే చెప్పాలని నా అభిప్రాయం. 'డి.డి.' అనే ఆదేశం వివరణ చదివితే ఫైలును మార్చి నకలు చేస్తుందని మాత్రమే ఉంటుంది. అబద్ధం కాదు. కాని గమ్యం పేరు ఒక్క అక్షరం తప్పు పడితే అడగకుండా డిస్కు మొత్తం మీద రాసేస్తుంది. దానికి భిన్నంగా 'ష్రెడ్' చూడండి: ఫైలులోని విషయం దొరక్కుండా దాని మీద తిరగరాయును, కోరితే తొలగించును. ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, అడిగితే ఇంకేం చేస్తుంది, మూడూ ఒక వరుసలో ఉన్నాయి. పిల్లలకు నమూనాగా చూపించదగినది అదీ.

సోదరి మరో ప్రశ్న కూడా అడిగారు, తెలుగులో రాయకూడదా అని. ముందు ఇంగ్లీషు వరుస ఇవ్వాలి. దాని మీదట ప్రపంచ భాషల్లోకి ఈ వివరణలను అనువదించే స్వచ్ఛంద ఏర్పాటు డెబియన్‌లో ఉంది. సూటిగా ఉన్న వరుస ఏ భాషలోకైనా వస్తుంది. చమత్కారం రాదు. పొడుగు ఫైలును తెర పట్టినంత మేర చూపి ఆగే ప్రోగ్రాము పేరు 'మోర్'. దానికి మెరుగుగా వచ్చినదానికి 'లెస్' అని పేరు పెట్టి, వివరణగా 'మోర్‌కు వ్యతిరేకం' అని చాలా ఏళ్ళు ఉంచారు. ఇంగ్లీషు వచ్చి, మోర్ తెలిసినవాడు నవ్వుకుంటాడు. తెలుగులో అది ఎక్కువకు తక్కువ అవుతుంది, అంతే.

బామ్మకు తెలుగు వరుస వాళ్ళమ్మగారే రాసి పంపారు: "బ్యాంకు స్టేట్‌మెంటు నుంచి ఇంటి ఖర్చులను నెలవారీగా, కంప్యూటరు దాటకుండా, కూడి చూపేది." నేను కామా కూడా మార్చలేదు.