రెండు కాసులు ఎవరి చేతిలో వేయుచున్నారు?



యాసంగి వడ్లు అమ్ముడుపోయి ఇంటిలో నాలుగు డబ్బులు మెదలునప్పుడు మీ ఊరికి ఒక మనుష్యుడు వచ్చును. తెల్లని బట్టలు, చేతిలో రసీదు పుస్తకము, సంచిలో ఫోటోల ఆల్బము. ఈ దినములలో ఆల్బమునకు బదులు సెల్‌ఫోనులో వీడియో చూపును. ఆరాధన ముగియు వేళకు లేచి అనాథ పిల్లలను గూర్చియో కుష్ఠురోగులను గూర్చియో కన్నీటితో మాటలాడి, చివరకు బీద విధవరాలి రెండు కాసుల కథ చదువును. మీరు కొంగుముడులు విప్పుదురు. ఆయన సాయంకాలపు బస్సులో నిజామాబాదు చేరును. ఆ పిల్లలు ఏ ఊరిలో ఉన్నారని మీలో ఎవరైనను అడిగితిరా?

నేను అడుగలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట బోధను ప్రాంతములో నేను కాపరిగా నున్న సంఘమునకు అట్టివాడొకడు వచ్చెను. నేనే ప్రసంగ పీఠము మీదనుండి ఆయనను పరిచయము చేసి, అందరికంటె ముందు ఐదువందల రూపాయలు పళ్లెములో వేసితిని. బీడీలు చుట్టి మనుమని పెంచుచున్న ఒక ముసలి సహోదరి రెండువందలు ఇచ్చెను. ఆరు నెలల తరువాత వేరొక పని మీద ఆ పట్టణమునకు పోయినప్పుడు, రసీదు మీది చిరునామా వెదకితిని. అక్కడ బట్టల దుకాణమున్నది. దుకాణదారుడు అట్టి అనాథాశ్రమము పేరే వినలేదనెను. తిరిగి వచ్చి ఆ సహోదరితో చెప్పుటకు నాకు రెండు వారములు ధైర్యము చాలలేదు. చెప్పినప్పుడు ఆమె కోపపడలేదు. "అయ్యగారూ, గాయన నాకేం ఎరుక? నేను మీ మొకం చూసి ఇచ్చిన" అనెను.

ఆ మాటయే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

రెండు కాసుల కథ చదువువారు మార్కు సువార్తలో దానికి ముందున్న మాటలు సాధారణముగా చదువరు. దీర్ఘ ప్రార్థనలు చేయుచు విధవరాండ్ర ఇండ్లు మింగువారిని గూర్చి జాగ్రత్తపడవలెనని ప్రభువు అప్పుడే హెచ్చరించి యున్నాడు. ఆ హెచ్చరిక ముందు, కానుకపెట్టె తరువాత. విధవరాలిని మెచ్చిన ప్రభువు ఆమె డబ్బును ఎవరైనను తినవచ్చునని ఎక్కడ చెప్పెను? ఆమె భక్తిని చూపి మీ కొంగు విప్పించి, లెక్క అడుగగానే "ఇది అవిశ్వాసము" అని కన్నెఱ్ఱ చేయువాడు ఆ కథలో ఏ పక్షమున నిలిచి యున్నాడో మీరే చూడుడి.

అపొస్తలుడైన పౌలుకంటె నమ్మదగినవాడు మన మండలములో తిరుగుచున్నాడా? యెరూషలేములోని బీదలకొరకు చందా పోగుచేయునప్పుడు "నన్ను నమ్ముడి" అని ఆయన అనలేదు. మీకు యోగ్యులని తోచినవారినే ఆ సొమ్ముతో పంపుదునని కొరింథీయులకు వ్రాసెను. తీతుతోకూడ సంఘములు ఏర్పరచిన సహోదరుని పంపి, ఎవరును తమ మీద తప్పు మోపకుండ జాగ్రత్తపడుచున్నామని చెప్పెను. పన్నెండుమందిలో డబ్బు సంచి ఎవని చేతిలో ఉండెనో యోహాను మనకు దాచక చెప్పెను గదా! లెక్క అడుగుట అవిశ్వాసమైనయెడల ఆ అవిశ్వాసము పౌలు నేర్పినదే.

ఇది చదివి కొందరు సంతోషింతురని ఎరుగుదును. "అందరు దొంగలే, అందుకే నేను ఎవరికిని ఇయ్యను" అని ముప్పది యేండ్లుగా అనుచున్న పెద్దలు ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురుందురు. అయ్యా, మీరు మోసపోలేదు, నిజమే. మీవలన ఆకలిగొన్నవాడు ఎవడైనను తినెనా? మోసగాడు ఇతరుల కానుక తినుచున్నాడు, మీరు ఇయ్యవలసినది మీరే తినుచున్నారు. ఈ వ్యాసము మీ జేబునకు తాళము కాదు.

మన జిల్లాలోనే దీనికి మంచి సాక్ష్యమున్నది. నిజామాబాదునకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరములోనున్న డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి 1915లో తెరువబడెను. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీలైన జార్జి కెర్ గారును, వైద్యురాలైన ఆయన భార్య ఇసబెల్ కెర్ గారును దానిని స్థాపించిరి. దాని కట్టడములకు విస్తారముగా ధనమిచ్చినవాడు రాజా నర్సాగౌడు గారు. ఆయన హిందువు. మన మతము కానివాడు మన మిషను పనికి ఇచ్చెనని మనము గర్వముగా చెప్పుకొందుము గాని, ఆ గర్వము మనకెందుకు? అక్కడ రోగులున్నారు, వైద్యురాలున్నది, పని జరుగుచున్నది. ఎవడైనను పోయి చూడవచ్చును. మీరును పోయి చూడుడి. చూడనియ్యని పనికి ఇయ్యకుడి.

రిజిస్ట్రేషను నంబరు చూపినంతమాత్రమున తృప్తిపడకుడి. అట్టి సొసైటీ పేరు దస్తరములోనికి ఎక్కినదని మాత్రమే అది చెప్పును. అది అన్నము పెట్టుచున్నదని చెప్పదు. పన్ను మినహాయింపు కాగితమును అంతే.

కుష్ఠురోగుల మందులకని ఎవరైనను అడిగినయెడల తెలిసికొనుడి: బహుళ ఔషధ చికిత్స అను ఆ మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా ఇయ్యబడును. మాత్రల పేరిట మీ యొద్ద చందా అడుగువాడు ఎరుగనివాడైనను కావలెను, మోసగాడైనను కావలెను. అయితే స్పర్శ పోయిన కాళ్లకు మెత్తని చెప్పులు, మానని పుండ్లకు దినదినము కట్టు, వంగిన వ్రేళ్లకు శస్త్రచికిత్స, రోగము తగ్గినను ఇంటివారు రానియ్యని ముసలివారికి నీడ, వీటికి నిజముగా ఖర్చున్నది. వీటికి అడుగువానిని కూర్చుండబెట్టి మాటలాడుడి.

"మీ సంస్థలో జీతములకు ఎంత పోవును?" అని చదువుకొన్న మన యౌవనులు అడుగుచుందురు. మంచి ప్రశ్నయే గాని దానితోనే తీర్పు తీర్చకుడి. పుండు కడుగు నర్సు గాలి భుజించి బ్రదుకదు. మిషనెరీ వైద్యురాలు కూడ ఎవరో దూరదేశపు సంఘస్థులు వేసిన కానుకల వలననే భుజించెను. జీతము తీసికొని పని చేయువారికంటె, "మేము ఒక్క పైసా తీసికొనము" అని చెప్పుచు ప్రతి యేట కొత్త కారు మార్చువారే నాకు భయము.

అనాథ గృహముల సంగతి మరింత కఠినమైనది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము ప్రకారము పిల్లలనుంచు ప్రతి గృహము రిజిస్టరు కావలెను. ఆ పత్రము చూపుమనుడి. పిల్లలను జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నిలిపిరా అని అడుగుడి. తల్లి బ్రదికియుండగా, బీదతనము చేత ఆమె యొద్దనుండి తీసికొనిపోబడి ఫోటోలలో "అనాథ" అయిన బిడ్డను నేను కన్నులార చూచితిని. ఆ తల్లికి బియ్యము, బడి పుస్తకములు ఇచ్చినయెడల బిడ్డ ఆమె ఒడిలోనే పెరుగును గదా? మిషన్ వాత్సల్య పథకములో, అర్హులైన పిల్లలను ఇంటనే పెంచుటకు నెలకు 4,000 రూపాయల సహాయమున్నది. ఒక విధవరాలికి ఆ దరఖాస్తు వ్రాసి పెట్టుటకు కాపరి ఒక దినము కలెక్టరు కచేరీలో నిలువబడుట, పళ్లెములో వేయు నోటుకంటె మేలు.

బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడి, 2002లో ప్రైవేటు వారి చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడెను. పొయ్యి మీదికి లేక మన బల్లల మీదనే తలవంచుకొని కూర్చున్న కుటుంబములను నేనెరుగుదును. ఆ కాలములోనే మన సంఘస్థులు కొందరు, టీవీలో నంబరు చూపిన ప్రసంగీకునికి నెలనెల డబ్బు పంపుచుండిరి. దగ్గరివారికే ఇయ్యవలెనని నేననను. అంతియొకయవారు దూరముననున్న యూదయకు పంపిరి. కాని బర్నబా సౌలుల చేతికిచ్చి పంపిరి, తాము ఎరిగినవారి చేతికి.

ఇప్పుడు మా పాస్టరేటులో ఒక ఏర్పాటున్నది. బయటివారెవరైనను సహాయమడిగిన యెడల ఆ ఆదివారమే కానుక పట్టము. ఇద్దరు పెద్దలును ఒక సహోదరియు సొంత ఖర్చుతో పోయి చూచి వచ్చి, చూచినది సంఘమునకు చెప్పుదురు. గత సంవత్సరము నలుగురు వచ్చిరి. ఈ ఏర్పాటు వినగానే ముగ్గురికి బస్సు వేళ అయినది. నాలుగవ ఆయన తన ఊరికి దారి కాగితము మీద గీసి ఇచ్చెను. పోయి చూచిన ఆ సహోదరి బీడీలు చుట్టు ముసలామెయే. అక్కడ వంటయింటిలోనికి పోయి గిన్నెల మూతలు తీసి చూచెనట. తిరిగి వచ్చి, "అన్నం ఉడుకుతున్నది అయ్యగారూ, ఇయ్యవచ్చు" అనెను.