బీమా కాగితంలో మన ఇంటివారు ఉన్నారా?

రోడ్డు ప్రమాదాల కేసులు వచ్చినప్పుడు మా నర్సులు తరచుగా వినే మాట ఒకటుంది. "సిస్టర్ గారూ, బండికి ఇన్సూరెన్సు ఉందండి. ఖర్చంతా కంపెనీవాళ్లే ఇస్తారు కదా?" అని బంధువులు అడుగుతారు. కాగితం చూస్తే అది థర్డ్ పార్టీ పాలసీ. బండి అదుపు తప్పి చెట్టుకు గుద్దుకుని కాలు విరిగిన మనిషికి, ఆ పాలసీ నుంచి ఆస్పత్రి బిల్లుకు ఒక్క రూపాయి కూడా రాదు. ఈ సంగతి ఆస్పత్రి మంచం పక్కన కాక, ప్రీమియం కట్టే రోజునే తెలిస్తే ఎంతో మేలు.

మాది నర్సింగు వృత్తి, బీమా వ్యాపారం కాదు. అయినా మైలవరం నుంచి కొత్తగూడెం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు మీదుగానే పోతుంది. ఆ రోడ్డు మీద తిరిగే ప్రతి కుటుంబానికీ మేము చెప్పదలచినది ఒక్కటే. "బండికి బీమా ఉందా?" అని అడిగి ఊరుకోకండి. "ఆ బీమా ఎవరికి?" అని అడగండి.

మూడవ పార్టీ అంటే ఎవరు?

మొదటి పార్టీ బండి యజమాని. రెండవ పార్టీ బీమా కంపెనీ. మూడవ పార్టీ మన బండి వలన నష్టపోయిన బయటి మనిషి. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఈ బయటి మనిషి కోసం బీమా తప్పనిసరి. 2019 సవరణ తరువాత బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు.

ఇది మంచి చట్టమే. రోడ్డు పక్కన నడిచి వెళ్లే కూలీని మన కారు గుద్దితే, ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని కంపెనీ చెల్లిస్తుంది. ప్రాణనష్టానికి, గాయాలకు ఇంత అని పరిమితి లేదు. కానీ చట్టం కోరేది బయటివాడి రక్షణ. మన బైకు మీద మన వెనుకే కూర్చున్న భార్య, బిడ్డ ఆ లెక్కలోకి రారు. చట్టం అడిగిన కనీస పాలసీ వెనుక కూర్చున్నవారికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. తప్పు ఎదుటి బండిదైతే ఆ బండి బీమా నుంచి వారు పరిహారం కోరవచ్చు. తప్పు మనదైతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ప్యాకేజీ పాలసీ

ఏజెంట్లు దీనినే ఫుల్ ఇన్సూరెన్సు, కాంప్రహెన్సివ్ అంటారు. ఇందులో థర్డ్ పార్టీతో పాటు మన బండికి జరిగే నష్టం కూడా కలుస్తుంది. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద ఈ భాగంలోకే వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో వాహనాలు నీళ్లలో ఉండిపోయాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారు బాగుచేయించే ఖర్చు సొంతంగా భరించవలసిందే. మునిగిన బండిని స్టార్టు చేసి ఇంజను పాడుచేసుకుంటే, ఇంజను రక్షణ అనే అదనపు కవరు లేనివారికి ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నా ఆ ఖర్చు రావడం కష్టం.

కారులో ప్రయాణించేవారికి, బైకు వెనుక కూర్చున్నవారికి ప్యాకేజీ పాలసీ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. ఆస్పత్రిలో పనిచేసే మాకు బండి రేకుల కంటే ఈ ఒక్క సంగతే ముఖ్యం.

ఇక్కడొక జాగ్రత్త. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు 5 ఏళ్లు, కొత్త కారుకు 3 ఏళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. సొంత బండి నష్టం భాగం మాత్రం చాలా పాలసీలలో ఒక్క ఏడాదికే ఉంటుంది. ఐదేళ్లు అని రాసి ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. కాగితం మీద రెండు ఆఖరు తేదీలు ఉంటాయి. రెండూ చూడండి.

నడిపేవారి సంగతి

యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. ఇది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి మాత్రమే. ఎముక విరిగి కట్టు కట్టించుకుంటే రాదు. పైగా అది లైసెన్సు ఉన్న యజమానికే. తండ్రి పేరున ఉన్న బండి కొడుకు నడిపితే కొడుకుకు వర్తించదు. అందుచేత ఆస్పత్రి ఖర్చులకు ఆరోగ్య బీమా వేరుగా ఉండాలి.

మిర్చి కోతలప్పుడు ట్రాక్టరు ట్రక్కుల్లో, సరుకుల ఆటోల్లో కూలీలను నింపి తీసుకువెళ్లేవారికి మరొక మాట. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. బండి బోల్తా పడితే పరిహారం భారం యజమాని మీద పడుతుంది, ఆయనకు శక్తి లేకపోతే కూలీ కుటుంబం మీద పడుతుంది. రోజుకూలీకి వెళ్లే తల్లి ప్రాణం సరుకు కంటే చౌక కాకూడదని మేము గట్టిగా నమ్ముతున్నాము.

ఆస్పత్రిలో నిజం చెప్పండి

పోలీసు కేసు అవుతుందనే భయంతో కొందరు "మెట్ల మీద నుంచి పడ్డాడు" అని రాయిస్తారు. మొదటి కేసు షీటులో ఏమి రాస్తే, తరువాత ట్రిబ్యునల్ దానినే చూస్తుంది. ఎక్కడ, ఏ బండి, ఎలా జరిగిందో ఉన్నదున్నట్లు చెప్పండి. గాయపడినవారిని తీసుకువచ్చిన దారినపోయేవారికి 134ఎ సెక్షను రక్షణ ఉంది. వారు భయపడనక్కరలేదు.

గుద్దిన బండి పారిపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అటువంటి ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు పరిహారం నిర్ణయించారు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులకు, లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు లేని చికిత్స దొరుకుతుంది. ట్రిబ్యునల్‌కు వెళ్లేవారు ఆరు నెలలలోపే దరఖాస్తు పెట్టుకోవాలని సవరించిన చట్టం చెబుతోంది. ఆలస్యం చేయకండి.

ప్యాకేజీకి ఖర్చు ఎక్కువ అని కొందరు అంటారు. నిజమే, అందరికీ ఆ స్తోమతు ఉండదు. అటువంటివారు వెనుక కూర్చునేవారి కోసం కొంత అదనపు ప్రీమియంతో ప్రమాద బీమా చేర్చుకోవచ్చునేమో ఏజెంటును అడగండి. ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని కాగితం తీసి మూడు సంగతులు చూడండి: పాలసీ ఏ రకం, ఆఖరు తేదీలు ఏమిటి, వెనుక కూర్చునేవారికి వర్తిస్తుందా. హెల్మెట్టు, సీటు బెల్టు మరువకండి. పోయిన మనిషిని ఏ పాలసీ తిరిగి తేలేదు.