మన బండికి వెలుగు - ఎదుటివాడికి చీకటి

ఇంటి వద్దనే హెడ్‌లైట్ బల్బుల మార్పిడి
కాలువ గట్లపై రాత్రి ప్రయాణం ప్రాణాల మీదికి

కృష్ణా డెల్టా గ్రామాలలో మోటారు సైకిళ్లకు ఎక్కువ వెలుగునిచ్చే బల్బులు బిగించుకోవడం పరిపాటి అయింది. మెకానిక్ వద్దకు వెళ్లే పని కూడా లేకుండా ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంటి అరుగు మీదనే పది నిమిషాలలో ఈ పని కానిచ్చేస్తున్నారు. దీనివల్ల బండి నడిపేవారికి దారి బాగా కనబడుతున్న మాట నిజమే. కాని ఎదురుగా వచ్చేవారికి ఉన్న చూపు కూడా పోతున్నది. ఒక పక్క కాలువ, మరొక పక్క పల్లం ఉన్న ఇరుకు గట్ల మీద ఇది చిన్న విషయం కాదు.

అవసరం లేక కాదు

ఈ మార్పిడిని కుర్రకారు సరదా అని కొట్టి పారేయడానికి వీల్లేదు. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను ప్రాంతాలలో రొయ్యల చెరువులున్న రైతులు అర్ధరాత్రి వేళ ఏరేటర్లు తిరుగుతున్నదీ లేనిదీ చూసుకోవడానికి వెళ్లక తప్పదు. పాలు పోసేవారు, కూరగాయలు పట్నం చేర్చేవారు కోడి కూయకముందే బయలుదేరుతారు. ఊరు పొలిమేర దాటితే వీధి దీపం ఉండదు. విజయవాడ నుంచి అవనిగడ్డ వైపు సాగే కృష్ణ కరకట్ట మీద కావచ్చు, లోపలి కాలువ గట్ల మీద కావచ్చు, చీకటిలో బండికి హెడ్‌లైటే దిక్కు.

సార్వా కోతలు వచ్చాయంటే రోడ్డులో సగం ధాన్యానిదే. ఆరబోసిన ధాన్యం మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తినా కొన్ని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. రాత్రి ఆ రాయి పది గజాల దూరంలో కనబడితే లాభం లేదు, ఇంకా ముందే కనబడాలి.

100 సి.సి. తరగతి బండ్లలో చాలావాటికి కంపెనీ ఇచ్చేది 35 వాట్ల హాలోజన్ బల్బు. పైగా పాత బండ్లలో అనేకం హెడ్‌లైటుకు కరెంటును బ్యాటరీ నుంచి కాక నేరుగా ఇంజను కాయిల్ నుంచి తీసుకుంటాయి. గుంట చూసి వేగం తగ్గిస్తే లైటు కూడా తగ్గుతుంది. అంటే వెలుగు ఎక్కువ కావలసిన చోటనే అది మందగిస్తున్నది. ఈ బాధ పడినవారే పెద్ద బల్బు కోసం షాపుకు వెళుతున్నారు.

వాట్లు పెంచితే జరిగేది

35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 3 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాని స్థానంలో 60 వాట్ల బల్బు పెడితే 5 ఆంపియర్లు కావాలి. వైరులో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, అంతకంటె ఎక్కువగా పెరుగుతుంది. ఈ లెక్కన వేడి దాదాపు మూడు రెట్లవుతుంది. బండిలోని సన్నని వైర్లు, హ్యాండిల్ మీది స్విచ్చి, బల్బు హోల్డర్ ఇవేవీ అంత వేడికి తయారైనవి కావు. మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. తరువాత హోల్డర్ మెత్తబడి, స్విచ్చి లోపల కాలి, ఏదో ఒక రాత్రి నడిదారిలో లైటు పూర్తిగా ఆరిపోయే ప్రమాదం ఉన్నది.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగి ఉండాలన్న నిబంధన వచ్చింది. ఇటువంటి బండ్లలో పెద్ద బల్బు వేస్తే ఆ వేడి రాత్రి మాత్రమే కాదు, పగలంతా కూడా తప్పదు.

కాయిల్ మీద నడిచే పాత బండ్ల సంగతి వేరు. ఆ కాయిల్ అంత కరెంటు ఇవ్వలేదు కనుక పెద్ద బల్బు ఎర్రగా వెలుగుతుందే తప్ప తెల్లని వెలుగు రాదు. మూడు హెచ్.పి. మోటారుతో అయిదు హెచ్.పి. పంపు తిప్పబోయినట్లే ఉంటుంది.

ఎల్.ఇ.డి.తో మరో చిక్కు

ఎల్.ఇ.డి. బల్బులకు కరెంటు తక్కువ చాలు. కనుక వైర్లకు ఇబ్బంది లేదు. కంపెనీవారే ఎల్.ఇ.డి. కోసం తయారు చేసిన హెడ్‌లైట్లతో పేచీ లేదు. హాలోజన్ కోసం చేసిన డూములో ఎల్.ఇ.డి. బల్బు దూర్చినప్పుడే చిక్కు వస్తున్నది. హాలోజన్ బల్బులో వెలిగే తీగ ఎక్కడ ఉంటుందో చూసి, దానిని బట్టి వెనుక ఉన్న రిఫ్లెక్టరు వంపు తయారు చేస్తారు. వెలుగు పుట్టే చోటు కొద్దిగా తప్పినా అది నేల మీద పడక చెట్ల కొమ్మల మీదికీ, ఎదుటివారి కళ్లలోకీ చెదిరిపోతుంది. నడిపేవారు డిమ్‌లోనే పెట్టామనుకుంటారు. ఎదుటివారికి మాత్రం డిమ్‌కూ బ్రైట్‌కూ తేడా తెలియదు. కాయిల్ మీద నడిచే బండ్లలో కొన్ని ఎల్.ఇ.డి. బల్బులు మిణుకుమిణుకుమనడం కూడా ఉన్నది.

ఎదుటివాడి సంగతి

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు సాగుతుంది. ఎదురు వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి మళ్లీ చూపు కుదురుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకున్నా 33 మీటర్లు, అంటే వంద అడుగుల పైన గుడ్డిగా నడిపినట్లే. కరకట్ట మీద ఒక వంపు దాటిపోవడానికి ఆ దూరం చాలు. వయసు మళ్లినవారికీ, కంట్లో శుక్లాలు ఉన్నవారికీ చూపు కుదురుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

అన్నిటికంటె నష్టపోతున్నది లైటు లేనివారు. సైకిలు మీద వెళ్లేవారు, పని ముగించుకుని గట్టు వెంట నడిచే కూలీలు, చీకటి పడ్డాక ఇల్లు చేరే గేదెలు ఆ ఎదురు వెలుగు వెనుక బొత్తిగా కనబడరు.

ఎదుటివాడు తగ్గించనప్పుడు మనం మాత్రం ఎందుకు తగ్గించాలన్న ధోరణి ప్రబలింది. ఒకరు పెద్ద బల్బు వేశారని పక్కింటివారు అంతకంటె పెద్దది వేస్తున్నారు. చివరకు మామూలు లైటుతో తృప్తి పడినవారు కూడా కళ్లు కాపాడుకోవడానికి బల్బు మార్చుకోవలసిన పరిస్థితి ఏర్పడుతున్నది. ఊరంతా లైట్లు పెంచుకున్నా రెండు బండ్లు ఎదురుపడినప్పుడు ఇద్దరికీ దారి కనబడదు. ధనుర్మాసపు మంచులో అయితే పెద్ద వెలుగు తిరిగి నడిపేవారి కళ్లలోకే కొడుతుంది.

చట్టం ఉన్నది

హెడ్‌లైటు వెలుగు కిందికి వంగి ఉండాలనీ, ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపరాదనీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఒక కేసులో స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు 2019 సవరణతో వచ్చింది. కాలిపోయిన బల్బు తీసి అదే రకం, అన్ని వాట్లదే వేసుకుంటే తప్పు లేదు.

అయితే జరిమానా ఒక్కటే దీనికి మందు కాదు. చీకటి రోడ్డు చీకటిగానే ఉన్నంతకాలం పెద్ద బల్బుకు గిరాకీ తగ్గదు. కొన్నవారిని పట్టుకోవడం తేలిక. ఏ బండికి ఏది తగినదో చెప్పకుండా అమ్మేవారిని ప్రశ్నించడం కూడా అవసరమే.

ఖర్చు లేని మార్గం

వెలుగు తగ్గడానికి చాలా సందర్భాలలో బల్బు కారణం కాదు. డూము అద్దం పసుపు బారడం, లోపల దుమ్ము పట్టడం, హోల్డర్ వద్ద తుప్పు, ఎర్త్ వైరు వదులు కావడం వంటివి వెలుగును తినేస్తాయి. ముందుగా వీటిని సరిచేసుకోవాలి. పాతబడిన బల్బు తీసి అదే వాట్ల మంచి బల్బు వేసినా తేడా కనబడుతుంది. హాలోజన్ బల్బు గాజును చేతితో ముట్టుకోరాదు. వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోవడం మంచిది.

తరువాత లైటు చూపు సరిచూడాలి. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరాన బండి నిలిపి, రోజూ ఎక్కేవారు ఎక్కి కూర్చోవాలి. నేల నుంచి హెడ్‌లైటు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉన్నదో గోడ మీద అంత ఎత్తున సుద్దతో గీత గీయాలి. డిమ్‌లో పడే వెలుగు పై అంచు ఆ గీతకు మూడు నాలుగు అంగుళాలు కిందికి ఉండాలి. పైకి ఉంటే డూము స్క్రూ వదులు చేసి కిందికి వంచి బిగించాలి. వెనుక ధాన్యం బస్తా వేసినా, ఇద్దరు ఎక్కినా బండి ముందు భాగం లేచి లైటు పైకి చూస్తుంది. బరువు వేసే రోజు మళ్లీ చూసుకోవడం అవసరం.

ఎవరు చేయవలసింది వారు

పంచాయతీలు ఊరి చివరి వంపుల వద్దనైనా దీపాలు పెట్టవలసి ఉన్నది. గట్ల అంచున తెల్ల గీత, లైటు పడితే మెరిసే గుర్తులు ఉంటే చిన్న బల్బుకే దారి తెలుస్తుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం రైతుకు సరదా కాదు. ఊరికి చాలినన్ని కల్లాలు ఉంటే ఆ రాళ్ల బెడద కొంత తీరుతుంది. కోతల ముందు రవాణా శాఖ వారు గ్రామాలలో లైట్లు సరిచూసే శిబిరాలు పెడితే జరిమానాల కంటె ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

ఇవన్నీ వచ్చేలోగా ప్రతివారి చేతిలో ఉన్నది ఒక్కటే. ఎదురు బండి కనబడగానే డిమ్ కొట్టి, వేగం తగ్గించి, ఎడమ అంచు చూస్తూ సాగిపోవడం. రాత్రివేళ కాలువ గట్టు మీద ఎదురుపడేది చాలాసార్లు పక్క ఊరివారో, ఇంటివారో అయి ఉంటారు.