జన్యువులను మేల్కొలిపే పొడులు

"మీ జన్యువులలో నిద్రాణమై ఉన్న క్యాన్సర్ నిరోధక శక్తిని మేల్కొలపండి" అంటూ పొడులూ మాత్రలూ అమ్మేవారు ఈ మధ్య పెరిగిపోయారు. వీరి నోట తరచుగా వినిపించే మాట మిథైలేషన్. ఆ మాట అబద్ధం కాదు. దాని చుట్టూ అల్లిన వ్యాపారం అబద్ధం.

డి.ఎన్.ఎ.లోని సైటోసిన్ అనే అక్షరానికి మిథైల్ అనే చిన్న రసాయన సమూహం అతుక్కోవడమే మిథైలేషన్. అక్షరం మారదు, కాని జన్యువు ఆరంభభాగంలో ఈ గుర్తులు గుంపుగా పడితే కణం ఆ జన్యువును చదవడం మానేస్తుంది. క్యాన్సర్ కణంలో ఈ ఏర్పాటు తారుమారవుతుంది. కణవిభజనకు పగ్గం వేసే పి16, డి.ఎన్.ఎ. తప్పులను దిద్దే ఎం.ఎల్.హెచ్.1 వంటి జన్యువులు చెక్కుచెదరకుండానే మూగబోవచ్చు. విచిత్రమేమంటే, అదే కణంలో మొత్తంమీద మిథైల్ గుర్తులు తగ్గుతాయి. ఈ తగ్గుదలను ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ 1983లోనే చూపారు.

కనుక అమ్మకందారును అడగవలసినది ఇది: అయ్యా, మీ పొడి మిథైల్ గుర్తులను పెంచుతుందా, తగ్గిస్తుందా? ఏ జన్యువు మీద? కడుపులోకి పోయిన పొడి పి16ను వెతుక్కుంటూ పోదు కదా! పైగా జన్యువు మూగబోవడం ఎల్లప్పుడూ కీడే కాదు. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో ఎం.జి.ఎం.టి. జన్యువు మిథైలేషన్‌కు లోనైనవారికే టెమోజోలమైడ్ మందు ఎక్కువ మేలు చేస్తుందని 2005లో తేలింది. ఆ రోగిలో ఆ జన్యువును మేల్కొలిపితే మందును ఓడించినట్టే.

మిథైల్ గుర్తులను తగ్గించే అసలైన మందులున్నాయి. ఎముక మజ్జ వ్యాధులకు అజాసైటిడిన్ 2004లో, డెసిటాబిన్ 2006లో అమెరికాలో అనుమతి పొందాయి. అవి కూడా ఒకే జన్యువును గురిచూసి కొట్టేవి కావు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి కనుక రక్తపరీక్షలు చేయిస్తూ ఇవ్వాలి. దుష్ఫలితమే లేని పొడి ఆ పని చేస్తుందంటే ఎట్లా నమ్మడం?

ఇక "మిథైల్ దాత"గా అమ్ముడవుతున్న ఫోలిక్ ఆమ్లం సంగతి. పెద్దప్రేగులో పాలిప్‌లు తొలగించుకున్నవారికి రోజూ 1 మి.గ్రా. ఇచ్చి చూసిన అధ్యయనం 2007లో వెలువడింది. కొత్త పాలిప్‌లు తగ్గలేదు. అంతకు ఆరు దశాబ్దాల ముందే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థం ఇచ్చిన లుకేమియా పిల్లలలో వ్యాధి వేగం పుంజుకోవడం గమనించాడు. దానిని అడ్డుకునే అమినాప్టెరిన్‌ను ఆయనకు అందించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లలలో 10 మందికి, తాత్కాలికంగానైనా, ఉపశమనం కలిగింది. అది మిథైలేషన్ కన్నా డి.ఎన్.ఎ. తయారీకి సంబంధించిన విషయమనుకోండి. అయినా క్యాన్సర్ రోగికి ఫోలిక్ ఆమ్లం అంటగట్టేవాడు ఈ చరిత్ర తెలుసుకొని ఉండాలి.

గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం వేరు, అది అవసరం. మెథోట్రెక్సేట్ వాడేవారికి వైద్యుడు లెక్కగట్టి ఇచ్చేదీ వేరు. కీమోథెరపీ నడుస్తుండగా ఎవరో చెప్పారని పొడి కొని ఉంటే, ఆ డబ్బాను దాచిపెట్టక ఈసారి వెళ్ళినప్పుడు మీ క్యాన్సర్ వైద్యునికి చూపండి.