చీర కురచయైన నేరమెవరిది?

రేణిగుంట కూడలినుండి యొక ఇనుపదారి శ్రీకాళహస్తి మీదుగా వేంకటగిరికి పోవును. మఱియొకటి పుత్తూరు మీదుగా నగరివైపు సాగును. రెండు దారులయందును మగ్గముల చప్పుడుతో పెరిగిన యూళ్లే కలవు. ఇట్టి చోట నిలిచి, "ఫ్యాషను వ్యామోహముచే మన స్త్రీలు నిండుచీరను విడిచి కురచచీరకు దిగిరి" అని నేటికిని పలుకు పెద్దలను మేమొక ప్రశ్న యడుగుదుము: ఆనాడు నిండుచీరకు నూలెక్కడ మిగిలెను?

1939లో ఆరంభమైన యుద్ధము మనలనడిగి వచ్చినది కాదు. అయినను దాని కప్పమును మన యిల్లాండ్రు కొంగుతోనే చెల్లించిరి. 1941లో జపానుతో వర్తకము తెగెను. లాంకషైరు బట్టయు సన్నగిల్లెను. మన మిల్లుల నేతలో పెద్దపాలు సైన్యమునకు పోయెను. 1943 నడిమికి బట్టల ధర యుద్ధమునకు ముందున్నదానికి సుమారు ఐదురెట్లయ్యెను. ఆ జూన్‌లో ప్రభుత్వము నూలు, బట్టల నియంత్రణపు టుత్తరువును తెచ్చెను. బీదలకని "స్టాండర్డు" బట్టను నేయించెను. ధర బట్టపై ముద్రితమయ్యెను. బట్ట మాత్రము దొంగబజారునకు పోయెను.

చేనేతవాని గతి యింకను దీనము. మగ్గము తనదే యైనను నూలు మిల్లుదని 1942 నాటి విచారణసంఘమే తేటపఱచెను. నూలు రాక మగ్గము నిలిచెను. మగ్గము నిలువగా, కాసెపోసి కట్టుటకు చాలిన ఎనిమిది తొమ్మిది గజముల చీర బీదయిల్లాలికి అందని పండయ్యెను. ఐదున్నర గజములతో సరిపెట్టుకొనుట, చినిగిన రెంటిని కలిపి యొకటిగా కుట్టుకొనుట, తల్లి కొంగు కోసి పిల్లకు పరికిణీ చేయుట: ఇవి మోజులా? పట్టణవాసము, బడిచదువు కట్టుబాటును మార్చుచునే యుండెనని మేమును ఒప్పుకొందుము. కాని మెల్లగా నడచుచున్న మార్పును లేమి మెడపట్టి ముందుకు గెంటినది.

ఇంగ్లాండులోను 1941 జూన్ 1 నుండి 1949 మార్చి వఱకు బట్టకు కూపనులే. అచ్చట లంగా కురచయైనది, మడతలు తగ్గినవి, బొత్తాములకు సైతము లెక్క వచ్చినది. దానిని వారు దేశభక్తి యని పొగడిరి. 1947 ఫిబ్రవరిలో పారిసున క్రిస్టియన్ డియోరు గజములకొలది బట్టతో నిండులంగాలను చూపగా లోకము "కొత్తరూపు" అని కన్నులు విప్పార్చెను. మనకో, 1948 జనవరిలో నియంత్రణ తొలగగానే ధరలు మింటికెగసెను. ఆ యేడే మరల నియంత్రణ పెట్టవలసి వచ్చెను. అచ్చటి కురచ దేశభక్తియు, ఇచ్చటి కురచ విలాసమును ఎట్లగును?

యుద్ధము ముగిసినను మగ్గపు గాయము మానలేదు. 1952లో మదరాసు ముఖ్యమంత్రియైన రాజాజీ, చీరను ధోవతిని చేనేతకే విడువవలెనని పట్టుబట్టెను. 1985 నాటి చట్టముక్రింద 22 రకములు చేనేతకు కేటాయింపబడెను. పిమ్మట అవి 11కు కుదింపబడెను. నేడు నగరి, పుత్తూరు ప్రాంతములలో వినవచ్చునది మరమగ్గపు రొదయే. కొన్న చీరకు చేనేత పేరు, మరమగ్గపు పుట్టుక యగుచున్నను అడుగువారు లేరు.

కావున పఠనమందిరములలో కూర్చుండి స్త్రీల కట్టుబొట్టులకు తీర్పుచెప్పు మహాశయులారా! చీర పొడవును కొలుచుటకు ముందు నూలు ధరను విచారింపుడు. నేతగాని యింట పడుగు పఱచియున్నదో లేదో చూడుడు. మీరు కొనునది మగ్గముపై నేసినదేనా యని అంగడివానిని నిలదీయుడు. ఆడుదాని గుడ్డ కురచయైనప్పుడు ఎవరి గిడ్డంగి నిండెనో అడుగనివాడు ఆమె కట్టునుగూర్చి మాటాడ నర్హుడు కాడు.