ఆగిన బండికి జనరేటర్ ఎందుకు?

సంక్రాంతికి కోనసీమలోని దిండిలో గది దొరకడం గగనం. హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ వచ్చే కుటుంబాలు ముందే మాట్లాడిపెట్టుకుంటాయి. దొరకనివాళ్లు నరసాపురంలోనో పాలకొల్లులోనో లాడ్జీ తీసుకుని, తెల్లారగానే చించినాడ వంతెన దాటి వస్తారు. ఈమధ్య కారవాన్ మాట గట్టిగా వినబడటానికి ఇదీ ఒక కారణమే. మంచం, వంటగది, బాత్‌రూమ్, ఏసీ అన్నీ చక్రాల మీదే ఉంటాయి కాబట్టి వశిష్ఠ గోదావరి గట్టున ఆపుకుంటే అదే ఇల్లు. కేరళ 2021లోనే ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఈ పని మొదలుపెట్టింది. మన రాష్ట్రం కూడా పర్యాటక విధానంలో కారవాన్లకు చోటిచ్చింది. 216 నంబరు జాతీయ రహదారి మన గడప ముందు నుంచే పోతోంది. ఆ బండ్లు దిండికి రావాలనే నేనూ కోరుకుంటున్నాను. అయితే అవి రాకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. రాత్రంతా ఆగి ఉండే బండికి కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది?

మనకు అలవాటైన జవాబు జనరేటర్. పెళ్లి ఊరేగింపులో లైట్ల వెనకాల బండి మీద కదిలి వచ్చేది అదే. కోనసీమలో సినిమా షూటింగ్ చూసినవాళ్లకు ఆ ఏర్పాటూ తెలుసు. నటుల కారవాన్ తోటలో నీడపట్టున ఉంటుంది, జనరేటర్ వ్యాన్ అల్లంత దూరంలో ఉంటుంది, మధ్యలో బొటనవేలంత లావున నల్ల కేబుళ్లు పరిచి ఉంటాయి. మైకులో చప్పుడు పడకూడదని సినిమావాళ్లు పాటించే ఆ దూరం, నిద్రపోయే మనుషులకు ఇంకా ఎక్కువ అవసరం.

జనరేటర్ మీద నాకు కోపం లేదు. ఈ సీమలో దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. తెల్లవారుజామున రొయ్యల చెరువులో ఆక్సిజన్ అడుగంటే వేళకు కరెంటు పోతే, రైతు పరుగున వెళ్లి జనరేటర్ తిప్పుతాడు. ఏరేటర్లు ఆగితే పంటంతా తేలిపోతుంది మరి. 1996 నవంబర్ 6 తుపాను కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లకు ఊళ్లు చీకట్లో మునిగాయి. అలాంటి రోజుల్లో మంచినీళ్ల ట్యాంకు నిండటం, ఆసుపత్రిలో లైటు వెలగడం జనరేటర్ పుణ్యమే. కరెంటు లేనిచోట, కరెంటు పోయినచోట దాని విలువ కట్టలేం. కానీ నిలబెట్టిన బండి పక్కనే కరెంటు స్తంభం ఉండగా రాత్రంతా డీజిల్ తగలబెట్టడం పూర్తిగా వేరే సంగతి.

లెక్క చూడండి. ఒకటిన్నర టన్ను ఏసీ నడిచేటప్పుడు దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. పాతరకం కంప్రెసర్ అయితే స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు అడుగుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఐదు కేవీఏ జనరేటర్ పెట్టాల్సి వస్తుంది. గది చల్లబడి కంప్రెసర్ ఆగాక కూడా ఇంజిన్ అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. ఒక ఫ్యానూ, ఒక చిన్న ఫ్రిజ్జూ కోసం అన్నమాట! గంటకు లీటరు చొప్పున వేసుకున్నా రాత్రికి పది లీటర్లు, అంటే వెయ్యి రూపాయలకు అటూఇటూ. అదే రాత్రికి ఆ బండి నిజంగా వాడేది పన్నెండు, పదిహేను యూనిట్లకు మించదు. వ్యాపార రేటు ప్రకారం యూనిట్‌కు పది రూపాయలు వేసినా నూటయాభైతో పోతుంది.

డబ్బుకంటే పెద్ద సంగతి చప్పుడు. సైలెంట్ జనరేటర్ అని అమ్మేదానికి సైతం మీటరు దూరంలో 75 డెసిబెళ్ల దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి. జనం నివసించే చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే చప్పుడు ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది. ఆ లెక్కన 75 కాస్తా 45కి దిగాలంటే ముప్ఫై మీటర్ల పైనే జరగాలి. దిండి గట్టున బండికీ బండికీ మధ్య అంత జాగా ఎక్కడుంది? పైగా నీటి మీద రాత్రిపూట చప్పుడు చాలా దూరం పోతుంది. పది కారవాన్లు పది ఇంజిన్లు తిప్పితే అవతలి ఒడ్డున చించినాడవాళ్లకూ నిద్ర ఉండదు. గోదారి చప్పుడు వింటూ పడుకోవాలని డబ్బు పెట్టి వచ్చిన మనిషికి వినపడేది పక్కబండి ఇంజిన్ మోతే.

ఇక ప్రాణం సంగతి. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. కోళికోడ్ ఎన్‌ఐటీ నిపుణులు వచ్చి అదే బండిలో జనరేటర్ నడిపి పరీక్షించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ నేలలోని సందు గుండా లోపలికి చేరిందని తేల్చారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాడికి ఆ రెండూ తెలియవు. చిన్న పెట్రోల్ జనరేటర్లు డీజిల్‌వాటి కంటే ఈ విషయంలో మరీ ప్రమాదం.

కాబట్టి తప్పనిసరై జనరేటర్ నడపాల్సిన రాత్రి అది కారవాన్ లోపలా, దాని కిందా ఉండకూడదు. కారవాన్‌ను లాక్కొచ్చిన ట్రక్కు ఉంటే అందులోనే ఉంచి, ట్రక్కును విడదీసి దూరంగా నిలపాలి. పొగగొట్టం బండికి ఎదురు దిక్కుకు తిరిగి ఉండాలి. వాన వస్తోందని ఇంజిన్ మీద బరకం కప్పి నడపడం మనవాళ్లకు అలవాటు, ఆ అలవాటు మానాలి. ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. అర్ధరాత్రి దాటాక అది ఆగి, నేల మీద నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. పడుకునేటప్పుడు అవతలికి పోయిన పొగ తెల్లారేసరికి మన కిటికీలోకి రావచ్చు. పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని కారవాన్‌ను అద్దెకు ఇవ్వనివ్వకూడదు, తీసుకోనూకూడదు.

వైరింగ్ దగ్గర కూడా నిర్లక్ష్యం పనికిరాదు. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను బాడీకి కలపరు. అలాంటప్పుడు కారవాన్‌లో షాక్ నుంచి కాపాడాల్సిన ఆర్‌సీసీబీ స్విచ్, షాక్ కొట్టినా పడిపోకపోవచ్చు. ఇసుకనేలలో ఎర్త్ కడ్డీ కొట్టినా, ఆ ఇసుక ఎండిపోయి ఉంటే అది పేరుకే ఎర్త్. కేబుల్ మిగిలిందని చుట్టలాగే వదిలేసి ఏసీ నడిపితే ఆ చుట్ట లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది. మన ఊరి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపిస్తే అరగంటలో తేలే పనులివి.

సోలార్ ఉందిగా అంటారు. ఫోన్లకు, లైట్లకు, నీళ్ల మోటారుకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, పెట్టుకోవాల్సిందే. రాత్రంతా ఏసీ నడవాలంటే మాత్రం పెద్ద బ్యాటరీ కావాలి, దాన్ని నింపడానికి పగలంతా నికార్సైన ఎండ కావాలి. కోనసీమలో బండి ఆపేది కొబ్బరితోటలో. ఒక్క మట్ట నీడ పడితే చాలు, సోలార్ పలక ఇచ్చే కరెంటు సగానికి సగం పోవచ్చు. దింపు తీయని చెట్టు కిందైతే కాయ పడి పలకే పగులుతుంది. నీడ కావాలంటే సోలార్ తగ్గుతుంది, సోలార్ కావాలంటే బండి కాగిపోయి ఏసీ ఎక్కువ కావాలి.

నేనడిగేది సులువైన పని. కారవాన్లు ఆగే జాగాలో, హౌస్‌బోట్లు కట్టే రేవులో కరెంటు పాయింట్లు పెట్టండి. మూతవున్న 32 ఆంపియర్ల సాకెట్, దానికో ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, ఒక మీటరు. వాడినవాడు వాడినన్ని యూనిట్లకు కట్టి పోతాడు. పగలు గోదారిలో తిరిగి వచ్చిన పడవా సాయంత్రం అదే పాయింటుకు కేబుల్ తగిలించుకుని ఇంజిన్ ఆపేయవచ్చు. పర్యాటక శాఖ జాగా చూపాలి, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ లైను లాగాలి, పంచాయతీ చూసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ ముందే లెక్కగట్టాలి. పండగ మూడు రోజులూ ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయితే ఊరి ఇళ్లలో లోవోల్టేజీ రాకూడదు. అతిథి సుఖం కోసం ఊరివాడి ఫ్యాన్ నెమ్మదించడం అన్యాయం.

సాకెట్ పెట్టెలు ఎంత ఎత్తున పెట్టాలో వరదనే అడగాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు లంకలన్నీ మునిగాయి. ఆ ఏడు గట్టు మీద నీరు ఎక్కడిదాకా వచ్చిందో రేవులో ఏ పడవవాడైనా వేలుపెట్టి చూపిస్తాడు. ఆ గుర్తుకు పైన దిమ్మె కట్టి, ఉప్పుగాలికి తుప్పు పట్టని పెట్టె బిగించాలి. వరద హెచ్చరిక రాగానే లైను కట్ చేయడానికి స్విచ్ గట్టు అవతల ఉండాలి. మొదట పది పాయింట్లు చాలు. వేసవిలో గట్టు ఎండి ఉన్నప్పుడే ఆ పని మొదలెడితే, వచ్చే సంక్రాంతికి బండ్లు వచ్చేసరికి అవి సిద్ధంగా ఉంటాయి.

– కోనసీమవాసి